పెద్దవాళ్ళకి జడుపు రాదని ఎవరన్నారు?

ఎనిమిదో తరగతికి సంధులు చెబుతున్నాను. మూడో వరసలో ఒక పిల్లాడి జామెట్రీ బాక్సు బెంచీ మీంచి జారి బండల మీద పడింది. రేకు డబ్బా కదా, చప్పుడు గట్టిగానే వచ్చింది. మరుక్షణం నేను టేబుల్ పక్కన నేల మీద ఉన్నాను. తల మీద రెండు చేతులు, కడుపులోకి లాక్కున్న కుడి కాలు. ఎప్పుడు కూర్చున్నానో తెలియదు. చేతిలో ఉండాల్సిన చాక్‌పీసు రెండు ముక్కలై తలుపు దగ్గర పడి ఉంది. నలభై మంది పిల్లలు ఊపిరి బిగబట్టి చూస్తున్నారు. లేచి ఆ పిల్లాడి మీద అరిచాను. పక్క క్లాసు సార్ పరుగున వచ్చేంతగా అరిచాను. వాడు ఏడుస్తూనే వంగి స్కేలు, కంపాసు, చిన్న పెన్సిల్ ముక్క ఒక్కొక్కటే ఏరుకున్నాడు. వాడు చేసిన తప్పేమీ లేదు.

అప్పటికి నాకు యాక్సిడెంట్ అయి ఐదు నెలలు. వారం ముందే ఎక్స్‌రే చూసి డాక్టర్ గారు "బ్రహ్మాండంగా అతుక్కుందమ్మా, ఇంక నీకేం ప్రాబ్లం లేదు" అన్నారు. ఆయన అబద్ధం చెప్పలేదు. ఆయన చూసిన ఎముక వరకు అది నిజమే.

2023 జులై. టమాటా ధర దేశమంతా వార్తల్లో ఉన్న రోజులు. మా మదనపల్లె మార్కెట్లోనే కిలో వంద దాటిపోయింది. పొద్దున ఎనిమిదిన్నరకి స్కూటీ మీద పుంగనూరు రోడ్డులో బడికి వెళ్తున్నాను. టమాటా బాక్సుల లోడుతో ఎదురొస్తున్న పికప్ బండి, ముందున్న ఆటోని దాటబోయి నా మీదికి వచ్చింది. గుద్దిన క్షణం నాకు గుర్తు లేదు. గుర్తున్నదంతా దాని తర్వాతది. చెంప తారు రోడ్డుకి ఆని ఉంది. చుట్టూ చితికిన టమాటాలు, ఆ పుల్లటి వాసనలో కలిసిన పెట్రోలు వాసన. నా కళ్ళకి జానెడు దూరంలో వెండి ఉంగరం ఉన్న చెయ్యి ఒకటి, చితకని కాయలు ఏరి సంచీలో వేసుకుంటోంది. నన్ను ఎత్తి ఆటోలో పడుకోబెట్టిన వాళ్ళు కూడా ఆ ఊరివాళ్ళే. వాళ్ళ ముఖాలు ఒక్కటీ గుర్తు లేవు. ఆ ఉంగరం మాత్రం ఇప్పటికీ గుర్తుంది.

కుడి కాలి ఎముక రెండు చోట్ల విరిగింది. కాలర్ బోన్ కూడా విరిగింది. కాల్లో రాడ్డు వేసి స్క్రూలు బిగించారు, తొమ్మిది రోజులకి ఇంటికి పంపారు. డిశ్చార్జ్ కాగితంలో రాడ్డు సైజు ఉంది, కుట్లు ఏ రోజు తీయాలో ఉంది, కాల్షియం మాత్ర ఉంది, కాలు ఎంత ఎత్తున పెట్టుకోవాలో ఉంది. నిద్ర గురించి ఒక్క అక్షరం లేదు.

ఇంట్లో పరామర్శలు మొదలయ్యాయి. వచ్చిన ప్రతివాళ్ళూ మంచం పక్కన కుర్చీ లాక్కుని "ఎట్లా జరిగింది?" అని అడిగేవారు. చెప్పేదాన్ని. సగంలో ఉండగా ఇంకొకరు వచ్చేవారు, మళ్ళీ మొదటినుంచి. చివర్లో ఎవరో ఒకరు "తలకి వచ్చింది తలపాగాతో పోయింది, దేవుడికి దండం పెట్టుకో" అనేవారు. పుత్తూరు కట్టు వేయించుకోకుండా ఆపరేషన్ ఎందుకు చేయించుకున్నావని గొడవపడిన బంధువులూ ఉన్నారు. ఎముక గురించి మా వైపు ప్రతి మనిషికీ ఒక అభిప్రాయం ఉంటుంది. రాత్రి మూడింటికి నేను ఎందుకు లేచి కూర్చుంటున్నానో ఎవరూ అడగలేదు. నేనూ చెప్పలేదు. బతికి బయటపడిన మనిషి నిద్ర పట్టట్లేదని ఫిర్యాదు చేస్తే బాగుంటుందా అనుకున్నాను.

మొదట వంటింట్లో బయటపడింది. నడక మొదలుపెట్టిన కొత్తలో ఒక రోజు పప్పులోకి టమాటా కోస్తున్నాను. రెండో కాయ కోసేసరికి కాళ్ళ కింద నేల లేదు. నేను రోడ్డు మీద ఉన్నాను. గుర్తుకు రావడం వేరు, ఇది వేరు. గుర్తుకు వచ్చినప్పుడు మనం ఇక్కడ ఉంటాం, జరిగింది అక్కడ ఉంటుంది. నాకు వంటిల్లు లేదు, గ్యాస్ పొయ్యి లేదు, చెంప కింద తారు ఉంది. అత్తమ్మ వచ్చి భుజం పట్టుకుంటే ఆవిడ చెయ్యి కూడా తోసేశాను. ఆ తర్వాత మా ఇంట్లో కొన్ని నెలలు చింతపండు పులుసే.

ఇంకా చాలా ఉన్నాయి. మా ఆయన బండి వెనక కూర్చుంటే ఎదురుగా ఏ బండి వచ్చినా ఆయన చొక్కా పట్టి లాగేదాన్ని, ఒకసారి ఇద్దరం పడబోయాం. బస్సులో కుడివైపు సీటు ఖాళీగా ఉన్నా ఎడమవైపు నిలబడి వెళ్ళేదాన్ని. లారీ ఎయిర్ బ్రేకు చప్పుడుకి ఒళ్ళంతా చెమట పట్టేది. అన్నిటికన్నా నన్ను భయపెట్టింది ఇంకొకటి. మా అమ్మాయికి ఇంటర్ మంచి మార్కులు వచ్చాయని ఇల్లంతా సంబరపడుతుంటే నాకు ఏమీ అనిపించలేదు. నవ్వాను, స్వీటు పెట్టాను, లోపల మాత్రం చెక్కలా ఉంది.

మా అత్తమ్మ బడికి వెళ్ళిన మనిషి కాదు. పేరు పెట్టింది ముందుగా ఆవిడే. "ఇది జడుపే. పిల్ల జడుసుకుంది" అంది. పక్కింటావిడ నవ్వి, "నలభై దాటిన టీచరమ్మకి జడుపేంది పెద్దమ్మా" అంది. అత్తమ్మ పట్టించుకోలేదు. ఒక గురువారం నన్ను ఆటోలో దర్గాకి తీసుకెళ్ళింది. అక్కడ పెద్దాయన నెమలీకలతో తల మీంచి కాళ్ళ దాకా నిమిరి, ఊది, తాయెత్తు కట్టారు. నిద్ర రాలేదు. తాయెత్తుతో నా జబ్బు తగ్గిందని నేను చెప్పను. అయితే యాక్సిడెంట్ అయిన దగ్గర్నుంచి, నా ఎముకలతో సంబంధం లేకుండా నాకేదో అయిందని ఒప్పుకుని, దానికోసం నన్ను ఒక చోటికి తీసుకెళ్ళిన మొదటి మనిషి ఆవిడ. ఆటోలో తిరిగొస్తూ చాలాసేపు ఏడ్చాను.

తెలుగు చెప్పి బతికేదాన్ని కాబట్టి ఆ మాట నన్ను వదల్లేదు. జడుపు. కుక్క మీద పడబోతే పిల్లాడు జడుసుకుంటాడు. రాత్రి ఉలిక్కిపడి లేస్తాడు, అన్నం మానేస్తాడు, అమ్మ కొంగు వదలడు, ఆ వీధికి మళ్ళీ వెళ్ళనంటాడు. మన అమ్మమ్మలు ఇవన్నీ గమనించి ఒక మాటలో పెట్టారు. "మనసు గట్టి చేసుకోరా" అని రెండేళ్ళ పిల్లాడికి ఎవరూ చెప్పరు. ఒళ్ళో పడుకోబెట్టుకుంటారు. అదే లక్షణాలు నలభై ఏళ్ళ మనిషికి వస్తే ఆ మాట ఇవ్వడానికి మనకి మనసు రాదు. పిరికితనం అంటాం, ఓవరాక్షన్ అంటాం, మగాళ్ళయితే "యాక్సిడెంట్ తర్వాత మనిషి మారిపోయాడు" అని ఊరుకుంటాం. ఈ వ్యాసం రాస్తున్నది అందుకే. జడుపు పెద్దవాళ్ళకీ వస్తుంది, దెబ్బ తగిలిన ఒంటికి వైద్యం చేసే చోటే దాని గురించి కూడా అడగాలి. నేను అంటున్నది ఇంతే.

వైద్యులు దీన్ని పోస్ట్ ట్రామాటిక్ స్ట్రెస్ డిజార్డర్ అంటారు, పొట్టిగా పీటీఎస్‌డీ. అమెరికా మానసిక వైద్యుల జాబితాలోకి ఈ పేరు 1980లో చేరింది, అదీ ఎక్కువగా వియత్నాం యుద్ధం నుంచి తిరిగొచ్చిన సైనికుల వల్ల. అందుకే ఇది సైనికుల జబ్బని చాలామంది అనుకుంటారు. ఇంగ్లండులో ఆక్స్‌ఫర్డ్ ఆసుపత్రికి రోడ్డు ప్రమాదాలతో వచ్చిన 967 మందిని వరసగా గమనిస్తే మూడు నెలలకి 23.1 శాతం మందికి, ఏడాదికి 16.5 శాతం మందికి పీటీఎస్‌డీ ఉందని 1998లో అచ్చయిన అధ్యయనం చెప్పింది. మన దేశంలో 2022 ఒక్క ఏడాదే రోడ్డు ప్రమాదాల్లో గాయపడినవాళ్ళు 4,43,366 మంది. ఇది కేంద్ర రవాణా శాఖ లెక్క. ఆక్స్‌ఫర్డ్ లెక్క మనకి అలాగే సరిపోతుందని నేను అనను. పదిమందిలో ఒకరే అనుకున్నా ఏటా నలభై నాలుగు వేల మంది. వాళ్ళంతా ఎక్కడున్నారు? ఎముకల డాక్టరు గది బయట బెంచీ మీద ఎక్స్‌రే కవరు పట్టుకుని కూర్చుని ఉన్నారు.

నాకు ఆశ్చర్యం కలిగించిన సంగతి ఒకటి ఉంది. గాయం ఎంత పెద్దదైతే జడుపు అంత పెద్దదని లెక్క లేదు. ఆ క్షణంలో "నేను చచ్చిపోతున్నాను" అని మనిషికి ఎంత గట్టిగా అనిపించిందన్నది గాయం సైజు కన్నా ఎక్కువ పని చేస్తుంది. అందుకే కాలు పోగొట్టుకున్న మనిషి ఆరు నెలల్లో తేరుకోవచ్చు, గీరుకుపోయిన మోచేతితో ఇంటికి నడిచొచ్చిన మనిషి రెండేళ్ళు బండి ఎక్కలేకపోవచ్చు. "నీకేం తగిల్లేదు కదా" అనే మాట ఎంత తప్పో నాకు ఇది తెలిశాకే అర్థమైంది.

మొదటి నెల గురించి కంగారు పడక్కర్లేదు. అంత దెబ్బ తగిలాక పీడకలలు రావడం, ఉలిక్కిపడటం మామూలే, ఎక్కువమందికి వాటంతటవే తగ్గుతాయి. ప్రతివాళ్ళకీ జబ్బు పేరు తగిలించమని నేను అడగట్లేదు. నెల దాటినా తగ్గకుండా, పనికీ ఇంటికీ అడ్డం పడుతుంటే అప్పుడు చూపించుకోవాలి.

పరామర్శల మాటకి మళ్ళీ వస్తాను. ప్రమాదం జరిగిన వెంటనే బాధితుణ్ణి కూర్చోబెట్టి జరిగిందంతా చెప్పిస్తే మనసు తేలికపడుతుందని ఒకప్పుడు వైద్యులే నమ్మేవారు. ఆక్స్‌ఫర్డ్ వాళ్ళే రోడ్డు ప్రమాద బాధితులతో అది పరీక్షించారు. కొందరితో ఒక్కసారి అలా చెప్పించారు, కొందరిని వదిలేశారు. మొదట్లో బాగా బెదిరిపోయి ఉన్నవాళ్ళలో, చెప్పించిన వాళ్ళే మూడేళ్ళ తర్వాత కూడా బాధపడుతున్నారు. వదిలేసినవాళ్ళు తేరుకున్నారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా ఇలా చెప్పించడం వద్దంది. ఇది చదివినప్పుడు మా మంచం పక్కన కుర్చీ గుర్తొచ్చింది. ప్రేమతోనే వచ్చారు, ప్రేమతోనే అడిగారు. కానీ ఎవరికైనా దెబ్బ తగిలిందని చూడ్డానికి వెళ్తే ఎలా జరిగిందని దయచేసి అడక్కండి. వాళ్ళంతట వాళ్ళు చెబితే వినండి. క్యారియర్‌లో అన్నం తీసుకెళ్ళండి, పిల్లల్ని ఒక పూట బడి నుంచి తెచ్చిపెట్టండి.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2013 మార్గదర్శకాల్లో ఇంకో మాట ఉంది. ఘోరం జరిగిన మొదటి నెలలో ఈ బాధలకని ఆల్ప్రాజొలామ్ లాంటి మత్తు మాత్రలు ఇవ్వొద్దని. మా వీధి మెడికల్ షాపులో నాకు చీటీ లేకుండానే ఇచ్చారు. రెండు నెలలు వాడాను. నిద్ర వచ్చేది, పొద్దునకి భయం నిన్నటి చోటే ఉండేది. మా పెదనాన్న కొడుకు లారీ డ్రైవరు, నాకన్నా ఆరేళ్ళ ముందు వాడికి పెద్ద యాక్సిడెంట్ అయింది. వాడు మెడికల్ షాపుకి కాకుండా బ్రాందీ షాపుకి వెళ్ళాడు. తాగుబోతయ్యాడని ఊరంతా అంది, నేనూ అన్నాను. తాగకపోతే వాడికి రాత్రుళ్ళు ఏం కనిపించేదో ఎవరం అడగలేదు.

ఇప్పుడు ఆసుపత్రి సంగతి. ఎముకల డాక్టర్లని తిట్టడం నా ఉద్దేశం కాదు. నా కాలు నిలబెట్టింది వాళ్ళే. ఓపీలో పూటకి వందమందిని చూసే మనిషి నా కలల గురించి కూర్చుని వినలేడని నాకు తెలుసు. కానీ దీనికి అంత టైము అక్కర్లేదు. అమెరికాలో మాజీ సైనికుల వైద్య విభాగం తయారు చేసిన ఐదు ప్రశ్నల చీటీ ఒకటుంది. గడిచిన నెలలో ఆ సంఘటన పీడకలగా గానీ, వద్దన్నా వచ్చే ఆలోచనగా గానీ వెంటాడిందా? దాన్ని గుర్తుచేసే చోట్లు, మనుషులు, ఆలోచనల నుంచి తప్పించుకు తిరుగుతున్నారా? ఎప్పుడూ కాచుకున్నట్టు ఉంటున్నారా, చిన్నదానికే ఉలిక్కిపడుతున్నారా? మనుషుల మీద, పనుల మీద మనసు మొద్దుబారినట్టు ఉందా? జరిగినదానికి మిమ్మల్నో ఇంకొకరినో ఆపకుండా నిందించుకుంటున్నారా? అవును, కాదు, అంతే. మూడు అవునులు దాటితే మానసిక వైద్యుడి దగ్గరికి పంపాలి. ఎక్స్‌రే కోసం లైన్లో కూర్చున్న అరగంటలో నర్సమ్మ అడిగేయొచ్చు. అమెరికన్ కాలేజ్ ఆఫ్ సర్జన్స్ తన 2022 ప్రమాణాల్లో, గాయపడినవాళ్ళలో మానసిక ప్రమాదం ఎక్కువ ఉన్నవాళ్ళని గుర్తించి పంపే పద్ధతి ట్రామా సెంటర్లకి ఉండాలని నియమం పెట్టింది. అది సర్జన్ల సంఘం. ఎముకలు అతికేవాళ్ళే ఇది తమ పని అని ఒప్పుకున్నారు. మన దగ్గర కాలు విరిగిన మనిషికి షుగరు చూస్తారు, బీపీ చూస్తారు. ఆ కాగితంలో ఐదు గీతలు ఎక్కువ పడితే ఏం పోతుంది?

నష్టపరిహారం దగ్గర నాకు కోపం వచ్చింది. మోటారు ప్రమాదాల ట్రిబ్యునల్లో కేసు వేశాం. కాలికి ఎంత శాతం వైకల్యం అన్న సర్టిఫికెట్ చుట్టూనే అంతా తిరిగింది. ఉలికిపాటు గురించి, బడికి వెళ్ళలేని రోజుల గురించి చెబితే మా లాయరు గారే "అవన్నీ చెప్పకండి మేడమ్, డబ్బుల కోసం నాటకం అనుకుంటారు" అన్నారు. ఆ అనుమానం కొత్తదేమీ కాదు. 1860లలో ఇంగ్లండులో రైలు ప్రమాదాల నుంచి బయటపడినవాళ్ళు, ఒంటి మీద గాయం కనిపించకపోయినా, నిద్ర లేక, వణుకుతూ, రైలెక్కలేక కోర్టులకెక్కారు. ఎరిక్‌సెన్ అనే సర్జన్ 1866లో ఇది వెన్నుకి తగిలిన కుదుపు అన్నాడు. 1883లో హెర్బర్ట్ పేజ్ అనే సర్జన్, ఆయన ఒక రైల్వే కంపెనీకే సర్జన్, దీనికి మూలం వెన్నులో కాదు, భయంలో ఉంది అన్నాడు. కంపెనీలకి ఆ వాదన బాగా పనికొచ్చింది. భయం గాయం కాదు కదా, డబ్బెందుకివ్వాలి? నూట నలభై ఏళ్ళు గడిచాయి, మా లాయరు గారి గదిలో మళ్ళీ అదే మాట. మన చట్టం నిజానికి అంత కఠినంగా లేదు. 2010లో రాజ్‌కుమార్ వర్సెస్ అజయ్‌కుమార్ కేసులో సుప్రీంకోర్టు పరిహారం పద్దులు వివరిస్తూ నొప్పి, బాధతో పాటు ట్రామా అన్న మాటని కూడా చేర్చింది. పద్దు ఉంది. దాన్ని నింపే కాగితమే మన ఫైళ్ళలో ఉండదు, ఎందుకంటే ఎవరూ అడిగి రాయలేదు.

జామెట్రీ బాక్సు రోజు సాయంత్రం నేను 14416కి ఫోన్ చేశాను. టెలీ మానస్, మానసిక ఆరోగ్య సహాయం కోసం కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబర్ 10న మొదలుపెట్టిన ఉచిత నంబరు, ఇరవై నాలుగు గంటలూ పని చేస్తుంది, తెలుగులో మాట్లాడతారు. అవతల ఒక అమ్మాయి. నేను యాక్సిడెంట్ కథ మొదలుపెట్టబోతే, "అది తర్వాత చెబుదురు గానీ మేడమ్, ఇప్పుడు ఎలా ఉన్నారు?" అంది. ఐదు నెలల్లో ఆ వరసలో అడిగిన మొదటి మనిషి.

తర్వాత తిరుపతిలో వైద్యం. డాక్టరు సెర్ట్రలీన్ మాత్ర రాశారు. సైకాలజిస్టు దగ్గర వారానికొకసారి, గంటన్నర, పన్నెండు వారాలు. అక్కడ కళ్ళు మూసుకుని ఆ పొద్దున జరిగింది వర్తమానకాలంలో చెప్పమన్నారు. "పడ్డాను" అంటే ఆపేవారు. "పడుతున్నాను" అనమనేవారు. పరామర్శకి వచ్చినవాళ్ళకి చెప్పినదానికీ దీనికీ తేడా ఏమిటని అడిగాను. అక్కడ భయం తారస్థాయికి చేరగానే ఎవరో తలుపు తట్టేవారు, కథ అక్కడే తెగేది. ఇక్కడ భయం ఎక్కి, నిలిచి, దిగేదాకా ఆవిడ నాతో కూర్చునేవారు. సున్నా నుంచి వంద వరకు భయం ఎంతో అంకె చెప్పమనేవారు. మొదటి రోజు ఉంగరం దగ్గర తొంభై ఐదు చెప్పాను. ఆ మాటలన్నీ ఫోన్‌లో రికార్డు చేసి రోజూ ఇంట్లో వినమన్నారు. వినడం నరకం. నాలుగో వారంలో ఒక రోజు వింటూ వింటూ కుక్కర్ ఆపడం మర్చిపోయానని గుర్తొచ్చి లేచి వెళ్ళాను. తిరిగొచ్చి కూర్చున్నాక తట్టింది, నేను వంటింటి గురించి ఆలోచించాను. రోడ్డు మీద లేను.

క్రియకి కాలం ఉంటుందని పద్దెనిమిదేళ్ళుగా పిల్లలకి చెబుతున్నాను. ఒక జ్ఞాపకానికి భూతకాలం చేర్చడానికి నాకు పన్నెండు వారాలు పట్టింది.

స్కూటీ దగ్గరికి కూడా మెట్లు మెట్లుగానే వెళ్ళాను. వాకిట్లో స్టాండు వేసిన బండి మీద పది నిమిషాలు కూర్చోవడం. తర్వాత ఇంజన్ ఆన్ చేసి కూర్చోవడం. వీధి చివరి దాకా. ఒక ఆదివారం అత్తమ్మ పీట మీద కూర్చుని టమాటాలు కోస్తుంటే పక్కన కూర్చున్నాను. ఆవిడ ఏమీ అడగలేదు. ఒక కాయ, కత్తి నా వైపు జరిపింది. ఇప్పటికీ పికప్ బండి ఎదురొస్తే చేతులు బిగుసుకుంటాయి. బడికి మాత్రం బండి మీదే వెళ్తున్నాను. జామెట్రీ బాక్సు పిల్లాడికి క్లాసందరి ముందు సారీ చెప్పాను. వాడు సిగ్గుపడి తల దించుకుని, "పర్లేదు మేడమ్, మా నాయన కూడా అట్నే ఉలిక్కిపడతాడు, బోరుబండి మీంచి పడినాక" అన్నాడు.

మొన్న రాడ్డు తీయించుకోవడం గురించి అడగడానికి ఆసుపత్రికి వెళ్ళాను. బెంచీ మీద నా పక్కన ఒక రైతు, తొడకి ఆపరేషన్ అయింది, ఊతకర్రలు గోడకి ఆనించి ఉన్నాయి. ట్రాక్టరు తిరగబడిందట. ఎలా జరిగిందని నేను అడగలేదు. "నిద్ర పడుతోందా అన్నా?" అన్నాను. ఆయన నా ముఖం వైపు చూసి, కాసేపు నేల చూశాడు. పక్కన నిలబడ్డ ఆయన భార్య కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, "మూడు నెలలాయె, రాత్రిపూట లైటు ఆర్పనీడు తల్లీ" అంది. ఆయన కసురుతాడేమో అనుకున్నాను. కసరలేదు. ఒళ్ళో ఉన్న ఎక్స్‌రే కవరు నా చేతికిచ్చాడు. దాని వెనక పెన్నుతో 14416 రాసి, కింద ఐదు ప్రశ్నలు తెలుగులో రాయడం మొదలుపెట్టాను. మూడోది రాస్తుండగా ఆయన పేరు పిలిచారు.